జేబులో తాళంకప్ప

మా మామ్మ మాటలు కొన్ని నా పాత ఫోనులో ఉండిపోయాయి. ఈ వ్యాసం వాటి గురించే మొదలుపెట్టి, తిరిగి తిరిగి వాటి దగ్గరకే వస్తుంది. మధ్యలో లినక్సు పుట్టుపూర్వోత్తరాలూ, పర్లాకిమిడిలో పంతులుగారి కథా వస్తాయి. మిత్రులు ఓపిక పట్టాలి.

మాది పాలకొండకు ఆవల ఒక చిన్న ఊరు. మామ్మ చదువుకోలేదు. అయినా ఆవిడ నోట వచ్చే మాటలలో సగం ఏ నిఘంటువులోనూ నాకు దొరకలేదు. “బేగి రారా గుంటడా”, “ఏటయిందిరా”, “ఒగ్గేయ్, నాను సూసుకుంటాను” అనే మాటలు పుస్తకాలలో కనబడితే పక్కన నవ్వు పుట్టించే పాత్ర ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఆ మాటలతోనే అన్నం పెట్టేవారు, ఆ మాటలతోనే ఏడ్చేవారు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా వాటిని ఫోనులో రాసుకునేవాడిని. కొన్నిటిని ఆవిడ గొంతుతోనే పట్టి ఉంచాను. రాసుకోవడానికి అప్పట్లో చక్కగా కనిపించిన ఒక ఉచిత అనువర్తనాన్ని వాడాను. అక్కడే నేను మోసపోయాను.

మామ్మ పోయింది. మరి కొంతకాలానికి ఆ అనువర్తనం నడిపేవారు తమ సర్వరు మూసివేశారు. ఇప్పుడు ఫోను వెలుగుతుంది, అనువర్తనం తెరుచుకుంటుంది, సంకేతపదం అడుగుతుంది. అడిగిన సంకేతపదం ఇస్తే సరిచూసే సర్వరు లేదు కనుక లోపలికి రానివ్వదు. నా మాటలు మాత్రం ఆ ఫోనులోనే ఉన్నాయి. తీగ తగిలించి నా లినక్సు కంప్యూటరుకు కలిపాను. ఫొటోలు కనిపించాయి, పాటలు కనిపించాయి. ఆ అనువర్తనపు సొంత అర మాత్రం కనిపించలేదు. ప్రతి అనువర్తనానికీ ఒక మూసిన గది ఉంటుందనీ, ఆ గదిలోకి ఇంటి యజమానికి కూడా ప్రవేశం లేదనీ అప్పుడు బాగా తెలిసివచ్చింది. బ్యాకప్పు తీద్దామంటే ఆ అనువర్తనం రాసినవారు దానిని అనుమతించలేదు. యజమాని హక్కు పొందాలంటే ముందు ఫోను మొదలయ్యే చోట ఉన్న తాళం, అంటే బూట్‌లోడరు తాళం, తీయాలి. ఆ తాళం తీయగానే ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. దొంగల చేతికి సమాచారం చిక్కకూడదని అలా చేశారట. మరమ్మతు దుకాణంలో కుర్రవాడు మర్యాదగా, “డేటా పోతుంది సార్, ఇక్కడ సంతకం పెట్టండి” అన్నాడు. నేను పెట్టలేదు.

ఇంటికి వచ్చి ఫోను వివరాల పుట తెరిచి చూస్తే, అడుగున “కెర్నెల్ వెర్షన్” అని ఒక వరుస ఉంది. లినక్సు! ఏ స్వేచ్ఛ కోసం మనలో చాలామంది రాత్రిళ్ళు మేలుకొని సీడీలు కాల్చామో, ఆ లినక్సే నా ఫోనులో తాళానికి కాపలా కాస్తోంది. ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలనిపించింది.

కొత్త సహస్రాబ్ది మొదటి సంవత్సరాలలో తెలుగు రాయడం ఎంత పని పెట్టేదో గుర్తుందా? ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఖతి. ఒకరి ఖతిలో రాసినది మరొకరి ఖతిలో చూస్తే పిచ్చిగీతలు. మంటనక్కకు “పద్మ” అనే పొడిగింతను తగిలించుకుంటే గాని ఆ పుటలు యూనికోడులోకి మారేవి కావు. విండోసు ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉండేది గానీ, అక్షరాలు సరిగా కూడాలంటే ఇన్‌స్టాలేషను సీడీ వెతికి తెచ్చి “సంక్లిష్ట లిపుల” గడిలో టిక్కు పెట్టాలి. ఆ సీడీ సరిగ్గా ఆ రోజే కనిపించేది కాదు. తరువాత 2006లో లేఖిని వచ్చింది, మన వేళ్ళకు రెక్కలు వచ్చాయి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పక తప్పదు. తెలుగు 1991లో వచ్చిన యూనికోడు మొదటి కూర్పులోనే చేరింది. దానికి ఆధారం భారత ప్రభుత్వం రూపొందింపజేసిన ఇస్కీ అనే సంకేత పద్ధతి. యూనికోడు అక్షరాల ఆకారాన్ని దాచదు, వాటి వరుసను దాచుతుంది. “స్త్రీ” అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యంత్రానికి మాత్రం అది స, విరామం, త, విరామం, ర, గుడిదీర్ఘం అనే ఆరు అంకెలు. ఆ ఆరింటినీ కూర్చి, తావత్తును ఎక్కడ పెట్టాలో, రావత్తును ఎటు వంచాలో నిర్ణయించే శిల్పి వేరే ఉండాలి. ఖతి ఒక్కటే ఉంటే చాలదు, ఆ శిల్పి కూడా ఉండాలి. ఇంగ్లీషుకు అతడితో దాదాపు పనిలేదు గనుక చాలా యంత్రాలు అతడిని పెట్టుకోకుండానే పుట్టాయి.

లినక్సులో ఆ శిల్పి మొదట్లో తప్పతాగి పనిచేసినట్టుండేవాడు. వత్తులు గాలిలో తేలేవి. అయితే ఒక తేడా ఉండేది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన2000, వేమన2000 ఖతులను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. ఆ ఖతిని తెచ్చి మన సొంత సంచయంలో చుక్కతో మొదలయ్యే “ఫాంట్స్” అరలో పడేసి, ఒక ఆదేశం ఇస్తే తెలుగు వచ్చేది. ఎవరినీ అడగనక్కరలేదు. వత్తు తప్పుగా పడితే ఎక్కడ తప్పుందో మూలం తెరిచి చూడవచ్చును. చూడగలిగినవాడు దిద్దవచ్చును, దిద్దలేనివాడు దిద్దగలవాడికి జాబు రాయవచ్చును. తలుపు తీసే ఉండేది, లోపల మాత్రం చీకటి.

నేను లినక్సు పక్షపాతిని. అందుచేత దాని దోషాలు కూడా నేనే చెప్పాలి. మీ యంత్రం ఎప్పుడైనా చిత్రరూపపు తెర రాకుండా నల్ల తెర మీద ఆగిపోతే, అక్కడ మీ తెలుగు పేర్ల దస్త్రాలను చూడబోండి. అన్నీ డబ్బాలే కనిపిస్తాయి. ఆ నల్ల తెర అసలు పాతకాలపు పీసీల వీజీఏ అక్షరాల పద్ధతి మీద కట్టినది. ఆ పద్ధతిలో ఒకేసారి ఉండగల ఆకారాలు 256, మహా అయితే 512. తెలుగు గుణింతాలూ వత్తులూ ఆ లెక్కలో ఎలా ఇముడుతాయి? ఇమిడినా కూర్చే శిల్పి అక్కడ లేడు. 1991లో ఒక విద్యార్థి తన బల్లమీది పీసీ కోసం రాసుకున్నదానిలో అది తప్పు కాదు. ఇన్నేళ్ళ తరువాత కూడా కెర్నెలులోని తెరకు ఆ హద్దు చెరగకపోవడమే విచారం. టెర్మినలు సంగతీ అంతే. ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి. “క్ష్మీ” ఆ గడిలో కాళ్ళు ముడుచుకొని పడుకోవాలి. కీబోర్డు అమరికను చూస్తే, ఒక మీట నొక్కితే ఒక్క సంకేతమే వెలువడాలని నియమం. మూడు సంకేతాల “క్ష”కు ఒక మీట ఇద్దామంటే ఆ అమరికలో వీలులేదు, మధ్యలో స్కిమ్ అనో ఐబస్ అనో మరో దుబాసీని పెట్టుకోవాలి.

వీటిలో ఏదీ తెలుగు మీద కక్షతో చేసినది కాదు. చేసినవారి ఎదుట తెలుగు మాట్లాడే మనిషి కూర్చుని లేడు, అంతే. కాని ఎవరూ కావాలని వేయని అడ్డు కూడా అడ్డే.

తాళం సంగతికి వస్తే, దాని మూలం 2007లో ఉంది. టీవో అనే టీవీ రికార్డింగు పెట్టెలో లినక్సు ఉండేది. లైసెన్సు ప్రకారం ఆ సంస్థ మూలాన్ని ఇచ్చింది. అయితే ఆ మూలాన్ని మార్చి మళ్ళీ ఆ పెట్టెలో పెడితే సంస్థ ముద్ర లేదని పెట్టె దానిని నడపదు. వంట చేసే విధానం కాగితం మీద రాసి ఇచ్చి, పొయ్యికి తాళం వేసినట్టు. దీనిని అడ్డుకోవడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను 2007 జూన్‌లో జీపీఎల్ మూడవ కూర్పును తెచ్చింది. ప్రజలకు అమ్మే వస్తువులలో తాళం వేస్తే తాళంచెవి కూడా ఇవ్వాలన్నది దానిలో ముఖ్యమైన షరతు. లినస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. సాఫ్ట్‌వేరు లైసెన్సు సాఫ్ట్‌వేరు గురించి మాట్లాడాలి గాని, ఎవరో తయారుచేసిన పెట్టె ఎలా ఉండాలో శాసించరాదని ఆయన వాదం. అది తీసిపారేయదగిన వాదం కాదు. పైగా అన్ని వేలమంది రాసిన కెర్నెలుకు లైసెన్సు మార్చడం కూడా తేలిక కాదు. కెర్నెలు రెండవ కూర్పు మీదనే నిలిచింది. ఆ మరుసటి సంవత్సరం, 2008లో, ఆ కెర్నెలు మీద కట్టిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను బజారులోకి వచ్చింది.

ఆ ఫోనులలో తెలుగు డబ్బాలుగా కనిపించేది. కొన్నిటిలో ఖతి ఉన్నా శిల్పి లేడు, అందుచేత “శ్రీ” ముక్కలుముక్కలుగా పడేది. కంప్యూటరులో లాగా ఖతిని తెచ్చి అరలో పడేద్దామంటే, ఆ అర యజమానిది కాదు. అప్పుడు మనమంతా ఒపేరా మినీని ఆశ్రయించాము. చిరునామా గడిలో “ఒపేరా:కాన్ఫిగ్” అని కొట్టి, అడుగున సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఖతులు వాడమనే చోట “యెస్” అని పెడితే, ఎక్కడో దూరాన ఉన్న సర్వరు తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. కందిరీగల్లాంటి ఆ చిన్న చిన్న బొమ్మలలో ఎన్ని టపాలు చదివామో! ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. నా భాషలో నేను చదువుకోవడానికి నా చేతిలోని యంత్రం పనికిరాక, పరాయి దేశపు యంత్రం చేత బొమ్మ గీయించుకున్నాము.

2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చినప్పుడు గూగుల్ తెలుగు, కన్నడ, మలయాళాలకు ఆదరువు చేర్చినట్టు ప్రకటించింది. పండగే. అయితే అది కొత్త ఫోను కొనుక్కున్నవారికే పండగ. పాత ఫోనుకు ఆ కూర్పు ఇవ్వాలో వద్దో తయారీదారు ఇష్టం, అతడు ఇవ్వకపోతే మన చేతులతో వేసుకోవడానికి తాళం అడ్డం. మందు కనిపెట్టారు, సీసా కనిపిస్తోంది, అలమరకు మాత్రం బీగం.

యాపిల్ కథ మరొక తీరు. ఐఫోనులో బయటివారి కీబోర్డును అనుమతించినదే 2014లో, ఐఓఎస్ 8తో. 2018 ఫిబ్రవరిలో ఏమి జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోనులో సందేశాల అనువర్తనాలు కుప్పకూలిపోయాయి. ఆ అక్షరం “జ్ఞా”. జ, విరామం, ఞ, ఆపైన కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరుసను చూసి ఆ శిల్పి దారి తప్పి పడిపోయేవాడు. బెంగాలీలోనూ ఇలాంటి వరుసలు ఉన్నాయని తరువాత తేలింది. ప్రపంచమంతా నవ్వుకుంది, కొందరు ఆకతాయిలు దానిని ఆయుధంలా అందరికీ పంపారు. యాపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో దిద్దింది. త్వరగానే దిద్దింది, కాదనను. నన్ను కలవరపెట్టినది వేరు. ఆ కొద్ది రోజులూ జ్ఞానానికి మొదటి అక్షరం ప్రమాదకరమైన వస్తువైంది, కోట్లమంది తెలుగువారిలో ఎంత నేర్పరికైనా తన ఫోనులో దానిని తానే దిద్దుకునే దారి లేదు.

ఈ కథ మా ప్రాంతానికి కొత్త కాదు. నూరేళ్ళ కిందట ఇక్కడే ఒకసారి జరిగింది.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువలో, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. కొండల మీదినుంచి సంతకు దిగివచ్చే సవరల మాట విని, అది నేర్చుకోవాలనుకున్నారు. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. మాట్లాడేవారిని ఇంట పెట్టుకొని, విని, రాసి, సరిచూసుకున్నారు. మొదట తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాసి సొంత ఖర్చుతో అచ్చువేయించారు, సవర పిల్లలకు బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణమూ, 1938లో సవర-ఇంగ్లీషు కోశమూ వెలువడ్డాయి. సవరలో మన తెలుగు అక్షరాలకు లొంగని ధ్వనులున్నాయి, గొంతులో చటుక్కున ఆగిపోయే ధ్వని అందులో ఒకటి. ఉన్న అక్షరాలలో ఇమడలేదని ఆయన ఆ ధ్వనిని కొట్టివేయలేదు. ధ్వనికి తగిన గుర్తును వెతికారు. లిపి మాట కోసం ఉన్నదే గాని మాట లిపి కోసం లేదని ఆయనకు తెలుసు.

ఆ చెవితోనే ఆయన తెలుగు బడిపుస్తకాన్ని విన్నారు. జనం నోట ఒక తెలుగు, పుస్తకంలో మరొక తెలుగు. పరీక్షలో జనం నోటి తెలుగు రాస్తే తప్పు. ఏది ఒప్పో నిర్ణయించే తాళంచెవి కొద్దిమంది పండితుల మొలలో ఉంది. గిడుగువారు చేసిన గడుసు పని ఏమిటంటే, ఆ తాళం వేసినవారే దానిని సరిగా తిప్పలేకపోతున్నారని నిరూపించడం. గ్రాంథికమే రాయాలన్నవారి రాతలలోంచి వారి నియమానికే విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపించారు. అప్పటికప్పుడు గెలవలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అంతకాలం ఉన్న ఊరిని విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న మరణించారు. ఈనాడు ఆయన పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం.

ఆ 1936లోనే ఒరిస్సా వైపు మంగేయి గొమాంగో సవరకు “సొరాంగ్ సొంపెంగ్” అనే సొంత లిపిని రూపొందించారు. అది యూనికోడులో చేరినది 2012లో, 6.1 కూర్పుతో. అయితే ఆ ఖతి లేని ఫోను చేతిలో ఉన్న సవర పిల్లవాడికి తన లిపి డబ్బాలుగానే కనిపిస్తుంది. లినక్సు కంప్యూటరు అయితే ఒక దస్త్రం తెచ్చి పెట్టుకుంటే చాలు. ఫోనులో అయితే తయారీదారు తలచుకోవాలి. సీతంపేట కొండల పిల్లవాడి గురించి ఏ తయారీదారు తలచుకుంటాడు? ఆ కొండల మాటను వినడానికి ఒకప్పుడు ఒక బడిపంతులు ఇంటి తలుపులు తీసి ఉంచాడు.

నా ఫోనులోని తెలుగు కీబోర్డు కూడా ఒక పరీక్షాధికారే. “బేగి” అని కొడితే అది “బ్యాగు” చేస్తుంది. “నాను” అంటే “నేను” అంటుంది. మామ్మ మాటలను రాసుకుంటున్నప్పుడు ప్రతి మాటకూ దానితో పోట్లాడవలసివచ్చేది. దానికి ఏది తెలుగో ఎవరు నేర్పారో నాకు తెలియదు. వారు మా ఊరు రాలేదని మాత్రం తెలుసు.

తాళాలే వద్దని నేను అనడం లేదు. మా అమ్మ ఫోనులో బ్యాంకు ఉంది. ఎవడో ఫోను చేసి ఫలానాది నొక్కమంటే నొక్కే అమాయకత్వం ఉంది. ఒక అనువర్తనం మరొకదాని గదిలోకి తొంగిచూడకుండా గోడ కట్టడం ఆవిడకు రక్షణే. కాని మన ఇంటి తలుపుకు తాళం వేసి, తాళంచెవి మనకు ఇస్తే దానిని కాపలా అంటాము. తాళంచెవిని కట్టినవాడే ఉంచుకుంటే మరో పేరుంది. 2025 ఆగస్టులో గూగుల్, తన దగ్గర పేరు నమోదు చేసుకుని ధ్రువీకరణ పొందినవారి అనువర్తనాలనే ఆండ్రాయిడ్ ఫోనులలో వేయనిచ్చే పద్ధతిని 2026 నుంచి కొన్ని దేశాలలో మొదలుపెడతానని ప్రకటించింది. అభ్యంతరాలు వచ్చాక, తెలిసినవారికి వేరే దారి ఉంచుతామన్నది. ఆ దారి ఎంత ఇరుకుగా ఉంటుందో చూడాలి. రేపు ఎవరైనా కుర్రవాడు మా యాసను తప్పుపట్టని కీబోర్డు ఒకటి రాసి పదిమందికి ఇద్దామనుకుంటే, ముందు ఎవరి గుమ్మంలో నిలబడాలన్నదే నా ప్రశ్న.

క్రిందటిసారి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు కథానిలయానికి వెళ్ళాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పినది. ఆయన 2021లో వెళ్ళిపోయారు, పుస్తకాలు ఉన్నాయి. పసుపుపచ్చబడిన ఒక పాత పత్రికను బల్లమీద పెట్టి తెరిచాను. అంచులు పొడిగా రాలుతున్నాయి. కాని తెరుచుకుంది. అచ్చువేసిన ప్రెస్సు ఎప్పుడు మూతపడిందో, సంపాదకుడు ఎప్పుడు పోయాడో ఆ కాగితానికి పట్టలేదు. నన్ను సంకేతపదం అడగలేదు. నా ఫోనుకు పదేళ్ళు కూడా నిండలేదు.

ఇంటికి వచ్చి బీరువా అంతా వెతికాను. మామ్మ మాటలు రాయడం మొదలుపెట్టిన మొదటి రోజున ఫోను చార్జింగులో ఉండటంవల్ల ఒక పెళ్ళి శుభలేఖ వెనుక రాసుకున్న సంగతి గుర్తుకువచ్చింది. దొరికింది. ముప్పైఏడు మాటలు. వాటిని మామూలు పాఠ్య దస్త్రంలో, యూటీఎఫ్-8లో ఎక్కించాను. ఏ యంత్రమైనా చదవగలిగే దస్త్రం అది. ఒక ప్రతి చెల్లెలికి పంపాను, ఒకటి కాగితం మీద అచ్చుతీసి పెట్టాను. ఫోనును పారేయలేదు. ఎప్పటికైనా ఎవరైనా దాని తాళం తీయగలరేమోనని ఆశ. ఆవిడ గొంతు అందులోనే ఉంది.

మీ ఇళ్ళలో ఇంకా మాట్లాడుతున్న పెద్దవాళ్ళుంటే, వారి మాటలను రాసిపెట్టండి. ఎక్కడ రాస్తున్నారో, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ముందు చూసుకోండి. ఆ పని బేగి చేయండి.